అబార్షన్ హక్కును సమర్థించే కతోలిక నాయకులకు సత్ప్రసాదం ఇవ్వొచ్చా? అలాంటివాళ్ళకు ఓటేస్తే పాపమా?

అడిగిన ప్రశ్నను ముందు క్లుప్తంగా పెడుతున్నాను, కొత్తగా చదివేవాళ్ళకు అర్థం కావాలి కదా. "మాది గుంటూరు వైపు ఆర్‌సీఎం కుటుంబం. ఈమధ్యే అమెరికా పౌరసత్వం వచ్చింది, ఇక ఓటు వెయ్యాలి. బైడెన్, పెలోసీ లాంటివాళ్ళు ఆదివారం పూజకు వెళ్తారు, సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే రొట్టె) తీసుకుంటారు, అబార్షన్ హక్కుగా ఉండాలంటారు. ఒక బిషప్పు ఇవ్వనంటారు, ఇంకొకరు ఇస్తారు. వీళ్ళని వెలివేశారా లేదా? 'నాకు వ్యక్తిగతంగా ఇష్టం లేదు, కానీ ఇతరుల మీద రుద్దను' అనే మాటను శ్రీసభ (కతోలిక చర్చి) ఒప్పుకుంటుందా? అలాంటివాళ్ళకు ఓటేస్తే నాకూ పాపమా?"

నేను కానన్ లా, అంటే శ్రీసభ చట్టం చదువుకుని, అమెరికాలో ఒక మేత్రాసనం (ఒక బిషప్పు పరిధిలోని ప్రాంతం) ట్రిబ్యునల్‌లో, అంటే శ్రీసభ కోర్టులో, చాలా ఏళ్ళు పనిచేశాను. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పెళ్ళి కేసులే. కానీ ఎన్నికల ఏడాది వచ్చిందంటే పారిష్‌ల నుంచి ఇవే ప్రశ్నలు. ఇక్కడి చిన్న ఊళ్ళలో పనిచేస్తున్న మన తెలుగు ఫాదర్లు కూడా ఫోన్ చేసి అడిగేవారు. పూజ అయ్యాక గుమ్మం దగ్గర నిలబెట్టి "ఫాదర్, ఎవరికి ఓటెయ్యమంటారు?" అని అడిగితే వాళ్ళు పడే టెన్షన్ నాకు తెలుసు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

వెలి సంగతి ముందు తేల్చేద్దాం. వెలివెయ్యలేదు. అబార్షన్ చేయించుకున్నవాళ్ళకు, చేసినవాళ్ళకు, వాళ్ళు లేకపోతే అది జరిగేది కాదు అన్నంత నేరుగా సాయపడ్డవాళ్ళకు దానంతట అదే పడే వెలి శిక్ష ఒకటి శ్రీసభ చట్టంలో ఉంది. 1983 నాటి సంహితలో అది కానన్ 1398. 2021లో శిక్షల భాగాన్ని తిరగరాసినప్పుడు కానన్ 1397లోకి మారింది. మైనర్ అయినా, అలాంటి శిక్ష ఉందని తెలియకపోయినా, తీవ్రమైన భయంలోనో ఒత్తిడిలోనో చేసినా ఆ శిక్ష దానంతట అది పడదు. పైగా ఈ కానన్ మాట్లాడేది ఒక ఫలానా గర్భం గురించి, జరిగిపోయిన ఒక పని గురించి. చట్టసభలో ఓటెయ్యడం దాని కిందికి రాదు. ఎందుకంటే శిక్ష వేసే నిబంధనను సాగదీసి చదవకూడదని కానన్ 18 చెప్తుంది. 2007లో మెక్సికో సిటీలో అబార్షన్‌ను చట్టబద్ధం చేసిన శాసనసభ్యుల గురించి బ్రెజిల్ వెళ్ళే విమానంలో విలేకరులు బెనెడిక్ట్ పోపు గారిని అడిగారు. ఆయన జవాబు విన్నవాళ్ళు వెలివేసినట్టే అనుకున్నారు. ఆ తర్వాత, పోపు గారు ఎవరినీ వెలివేసే ఉద్దేశంతో అనలేదని వాటికన్ ప్రతినిధి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ ప్రశ్నకు సంబంధం లేని మాట ఒకటి చెప్పి ముందుకెళ్తాను. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఆ బరువు సొంతంగా మనసులో ఉంటే, 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఈ పాపాన్ని క్షమించే అధికారాన్ని గురువులందరికీ శాశ్వతంగా ఇచ్చేశారు. బిషప్పు దాకా వెళ్ళక్కర్లేదు. మీకు నమ్మకమున్న ఏ ఫాదర్ దగ్గరైనా పాపసంకీర్తనం చేసుకోవచ్చు, అంటే పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందవచ్చు. నాయకుల గురించి ఇంత గొడవ నడిచే చోట ఈ మాట ఎవరికీ వినపడదని నాకు ఎప్పుడూ బాధే.

ఇప్పుడు సత్ప్రసాదం. గొడవంతా రెండు కానన్ల మధ్య ఉంది. తనకు చావైన పాపం ఉందని తెలిసినవాళ్ళు పాపసంకీర్తనం లేకుండా సత్ప్రసాదం తీసుకోకూడదని 916 చెప్తుంది. అది తీసుకునేవాళ్ళకు చెప్పిన మాట, వాళ్ళ అంతరాత్మకు వదిలేసిన విషయం. 915 మాత్రం ఇచ్చేవాళ్ళకు చెప్పిన మాట. బహిరంగంగా ఘోరపాపంలో మొండిగా కొనసాగుతున్నవాళ్ళకు ఇవ్వకూడదంటుంది. ఇందులో ఒక్కో షరతూ విడిగా రుజువు కావాలి. విషయం ఘోరమైనదై ఉండాలి, నలుగురికీ తెలిసినదై ఉండాలి, ఒకసారి చేసి వదిలేసినది కాక ఇంకా కొనసాగుతూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, హెచ్చరించాక కూడా వినకపోతేనే అది మొండితనం అవుతుంది. అంటే ముందు ఎవరో ఒకరు ఆ మనిషిని కూర్చోబెట్టి మాట్లాడి ఉండాలి.

ఈ చివరి షరతు దగ్గరే చాలా కేసులు నిలబడవు. నేను ఆదివారాలు సత్ప్రసాదం పంచే సేవ చేస్తాను కాబట్టి ఆ చోటు ఎలా ఉంటుందో చెప్తాను. చేతిలో పాత్ర ఉంటుంది. ఎదుటివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వస్తుంటారు. "క్రీస్తు శరీరం" అంటాం, "ఆమెన్" అంటారు, చెయ్యో నాలుకో చాపుతారు. ఒక్కొక్కరి దగ్గర మహా అయితే రెండు మూడు క్షణాలు. ఒక మనిషి నిన్న రాత్రి ఫాదర్ దగ్గర ఏడ్చి వచ్చాడో, పదేళ్ళుగా పాపసంకీర్తనం మొహమే చూడలేదో ఆ క్షణంలో మనకేం తెలుస్తుంది? అందుకే మాకు శిక్షణ ఇచ్చినప్పుడు చెప్పే మొదటి మాట: అనుమానం ఉంటే ఇవ్వండి, తర్వాత ఫాదర్‌కి చెప్పండి.

2019 అక్టోబర్ 27న సౌత్ కరొలైనాలోని ఫ్లోరెన్స్ అనే ఊళ్ళో జరిగింది సరిగ్గా ఆ క్షణంలోనే. ప్రచారానికి వచ్చిన బైడెన్ ఆ ఉదయం సెయింట్ ఆంథనీ చర్చిలో పూజకు వెళ్ళారు. అక్కడి విచారణ గురువు (పారిష్ ఫాదర్) సత్ప్రసాదం ఇవ్వలేదు. ఆ తర్వాత పత్రికలకు కారణం కూడా చెప్పారు. ఆయనకు ఆధారం లేకపోలేదు. 2004లోనే అట్లాంటా, చార్లెస్టన్, షార్లెట్ బిషప్పులు ముగ్గురూ కలిసి అబార్షన్‌ను సమర్థించే నాయకులకు సత్ప్రసాదం ఇవ్వకూడదని ప్రకటన చేశారు. ఫ్లోరెన్స్ ఉన్నది చార్లెస్టన్ మేత్రాసనంలో. కానీ బైడెన్ ఉండేది డెలావేర్‌లో. ఒక్క ఆదివారం వచ్చిన ఆ మనిషితో ముందుగా మాట్లాడే బాధ్యత ఆయన సొంత బిషప్పుది. అందుకే ఫాదర్ మనసులో చిత్తశుద్ధి ఉందని ఒప్పుకుంటూనే, పద్ధతి తప్పిందని నా అభిప్రాయం.

"ఒకరు ఇస్తారు, ఇంకొకరు ఇవ్వరు, ఇదేం పద్ధతి?" అన్నారు మీరు. బయటినుంచి చూస్తే పోపు గారు కలెక్టర్‌లా, బిషప్పులు తహసీల్దార్లలా కనిపిస్తారు. నిజానికి బిషప్పు తన మేత్రాసనానికి తనే అధిపతి. దేశం మొత్తానికి బిషప్పుల సమాఖ్య ఉంది కానీ, ఇలాంటి విషయంలో అది ఒక బిషప్పు చెయ్యి పట్టుకుని ఆపలేదు, ముందుకు తొయ్యలేదు. 2004లో జాన్ కెర్రీ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఇది మొదటిసారి పెద్ద ఎత్తున బయటపడింది. సెయింట్ లూయిస్ అగ్రపీఠాధిపతి రేమండ్ బర్క్ ఇవ్వనన్నారు. మిగతావాళ్ళలో చాలామంది ఆ మాట అనలేదు. అప్పుడు విశ్వాస సంఘానికి (వాటికన్‌లో శ్రీసభ బోధను చూసుకునే విభాగానికి) అధిపతిగా ఉన్న కార్డినల్ రాట్జింగర్ (తర్వాత ఆయనే బెనెడిక్ట్ పోపు) వాషింగ్టన్ కార్డినల్ మెకారిక్‌కి ఒక లేఖ రాశారు. అందులో వరస స్పష్టంగా ఉంది. విచారణ గురువు ఆ నాయకుడిని పిలిచి బోధించాలి, ఇలాగే ఉంటే సత్ప్రసాదానికి రావద్దని హెచ్చరించాలి, అయినా వస్తే నిరాకరించాలి. డెన్వర్‌లో సమావేశమైన బిషప్పులకు మెకారిక్ ఆ లేఖ సారాంశం మాత్రమే చెప్పారు. నిర్ణయం ఎవరి మేత్రాసనంలో వాళ్ళదేనని బిషప్పులు తీర్మానించారు. పూర్తి లేఖ జూలైలో ఒక ఇటాలియన్ పత్రికలో వచ్చింది. అది ముందే అందరి చేతుల్లో ఉంటే చర్చ వేరేలా నడిచేదని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి.

2021లో మళ్ళీ అదే కథ. కెనెడీ తర్వాత రెండో కతోలిక అధ్యక్షుడు వచ్చారు. సత్ప్రసాదం మీద ఒక పత్రం రాయాలా వద్దా అని జూన్‌లో ఓటు పెడితే బిషప్పులు 168–55గా చీలారు. వాటికన్ నుంచి కార్డినల్ లడారియా ముందే, మేలోనే, తొందరపడొద్దు, మీలో మీరు మాట్లాడుకోండి, ఆ నాయకులతోనూ మాట్లాడండి అని రాశారు. నవంబర్‌లో వచ్చిన పత్రానికి 222 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా 8 మాత్రమే. అంత ఏకాభిప్రాయం ఎలా కుదిరిందంటే, అందులో బైడెన్ పేరు లేదు, ఎవరికి ఇవ్వకూడదన్న కొత్త నియమమూ లేదు. అంతకు కొద్ది రోజుల ముందు, అక్టోబర్ 29న బైడెన్ రోమ్‌లో పోప్ ఫ్రాన్సిస్‌ని కలిసి బయటికొచ్చి, తనను మంచి కతోలికుడని అన్నారని, సత్ప్రసాదం తీసుకుంటూ ఉండమన్నారని చెప్పారు. అది బైడెన్ చెప్పిన మాట, వాటికన్ చెప్పింది కాదు. ఫ్రాన్సిస్ బహిరంగంగా అన్నది సెప్టెంబర్‌లో, స్లొవేకియా నుంచి తిరిగొస్తూ విమానంలో. అబార్షన్ హత్యే అన్నారు. అదే ఊపిరిలో, తాను ఎప్పుడూ ఎవరికీ సత్ప్రసాదం నిరాకరించలేదని, బిషప్పులు కాపరుల్లా ఉండాలి గానీ రాజకీయ నాయకుల్లా కాదని అన్నారు. ఇరుపక్షాలవాళ్ళూ ఆ మాటల్లో తమకు కావలసిన సగం తీసుకుని వెళ్ళిపోయారు.

అప్పటి ప్రతినిధుల సభ స్పీకర్ పెలోసీ కేసు వేరు. అది పద్ధతి ప్రకారమే నడిచింది. ఆమె సొంత అగ్రపీఠాధిపతి, శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన కార్డిలియోన్, మాట్లాడటానికి పలుమార్లు ప్రయత్నించానని, ఫలితం లేదని చెప్పి ఆమె సత్ప్రసాదం తీసుకోకూడదని 2022 మే 20న 915 కింద ప్రకటన చేశారు. అది ఆయన పరిధిలోనే చెల్లుతుంది. మరికొందరు బిషప్పులు తమ దగ్గరా అంతే అన్నారు. వాషింగ్టన్‌లో ఆ ఆంక్ష లేదు. జూన్ 29న రోమ్‌లో, పోపు గారు పాల్గొన్న పూజలోనే ఆమె ఒక గురువు చేతి నుంచి సత్ప్రసాదం తీసుకున్నారు. ఆ మధ్యలోనే, జూన్ 24న, సుప్రీం కోర్టు డాబ్స్ తీర్పుతో, అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును కొట్టేసింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ అలీటో కతోలికుడు. వ్యతిరేకించిన ముగ్గురిలో ఒకరైన జస్టిస్ సోటోమేయర్ కూడా కతోలిక కుటుంబంలో పుట్టి పెరిగినవారే. రో తీర్పును 1973లో బలపరిచిన జస్టిస్ బ్రెన్నన్ సైతం కతోలికుడే.

ఇక అసలు ప్రశ్న: "వ్యక్తిగతంగా వ్యతిరేకం, కానీ..." దీన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యను, తేలిగ్గా ఒప్పుకోను కూడా. ఈ వాదానికి అసలైన రూపం ఇచ్చింది న్యూయార్క్ గవర్నర్ మారియో క్యూమో, 1984 సెప్టెంబర్ 13న నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో. అప్పుడు ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్న జెరాల్డిన్ ఫెరారో, కతోలికుల్లో దీని మీద రకరకాల అభిప్రాయాలున్నాయన్న లేఖ మీద సంతకం చేశారని న్యూయార్క్ అగ్రపీఠాధిపతి జాన్ ఓకానర్ బాహాటంగా తప్పుబట్టారు. ఆ వేడిలో క్యూమో చెప్పింది ఇదీ: నేనూ నా భార్యా శ్రీసభ బోధను పాటిస్తాం. కానీ రకరకాల మతాలవాళ్ళున్న సమాజంలో చట్టం నిలబడాలంటే జనంలో ఒప్పుదల ఉండాలి. లేకపోతే మద్యనిషేధంలా అది కాగితం మీదే ఉంటుంది. 19వ శతాబ్దంలో బానిసత్వం విషయంలో మన బిషప్పులే ఎంత జాగ్రత్తగా మాట్లాడారో గుర్తుచేసుకోండి.

ఇందులో బలం ఉంది. పాపమైన ప్రతిదాన్నీ నేరం చెయ్యాలని శ్రీసభ ఎప్పుడూ చెప్పలేదు. ఏది ఎప్పుడు చట్టంగా సాధ్యమో తేల్చుకోవడం పాలకుడి వివేకానికి సంబంధించినది. కానీ అదే క్యూమో 12 ఏళ్ళ పాటు ప్రతి ఏటా ఉరిశిక్ష బిల్లును వీటో చేశారు. న్యూయార్క్‌లో జనం ఎక్కువమంది ఉరిశిక్ష కావాలన్నారు, శాసనసభ కావాలంది, ఆయన వద్దన్నారు. 1994లో ఆయన ఓటమికి అదొక కారణం. ఆయన తర్వాత వచ్చిన పటాకీ 1995లో దాన్ని తిరిగి తెచ్చారు. ఉరిశిక్ష దగ్గర క్యూమో జనం ఒప్పుదల కోసం ఆగలేదు. తప్పు అనుకున్నదానికి ఎదురు నిలిచారు, ఎందుకు తప్పో ఊరూరా తిరిగి చెప్పారు. ఆ పని చేసినందుకు నాకు ఆయన మీద గౌరవం. అందుకే అబార్షన్ దగ్గరికొచ్చేసరికి ఆ వాదం నాకు సరిపోలేదు. ఒప్పుదల లేదంటే ఆగవచ్చు. ఒప్పుదల కూడగట్టడానికి మీరేం చేశారు అని అడిగితే జవాబు ఉండాలి.

శ్రీసభ ఈ విషయంలో పాలకులకు ఇచ్చిన వెసులుబాటు చాలామందికి తెలియదు. 1995లో రెండో జాన్ పాల్ రాసిన 'ఎవాంజెలియుమ్ వీటె' విశ్వలేఖ (పోపు గారు శ్రీసభ అంతటికీ రాసే బోధనా లేఖ) 73వ పేరాలో ఉంది. అబార్షన్ చట్టాన్ని పూర్తిగా తీసెయ్యడం కుదరనప్పుడు, తన వ్యతిరేకత అందరికీ తెలిసిన ప్రజాప్రతినిధి, నష్టాన్ని తగ్గించే చట్టానికి ఓటెయ్యవచ్చు. అంటే అంతా లేదా ఏమీ లేదు అనే పద్ధతి శ్రీసభది కాదు. పెన్సిల్వేనియా గవర్నర్ బాబ్ కేసీ ఆ విశ్వలేఖ రాకముందే ఆ దారిలో నడిచారు. ఆయన డెమొక్రాట్. తల్లిదండ్రుల అనుమతి, 24 గంటల ఆగుదల లాంటి షరతులతో చట్టం మీద సంతకం పెట్టారు. 1992లో సుప్రీం కోర్టు వాటిలో చాలావాటిని నిలబెట్టింది, భర్తకు చెప్పాలన్న షరతును కొట్టేసింది. అదే కేసీ అదే ఏడాది పేద పిల్లలకు ఆరోగ్య బీమా చట్టం కూడా తెచ్చారు. పుట్టాలంటే, పుట్టాక బతకడానికి కూడా ఏదో ఒకటి చెయ్యాలని నమ్మిన మనిషి. ఆ ఏడాది పార్టీ మహాసభలో ఆయనకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ఇప్పుడు అలాంటి డెమొక్రాట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 2019లో కఠినమైన నిషేధ చట్టం మీద సంతకం పెట్టిన అప్పటి లూసియానా గవర్నర్ జాన్ బెల్ ఎడ్వర్డ్స్ వాళ్ళలో ఒకరు.

బైడెన్ ఒకప్పుడు మధ్యలో ఉండేవారు. అబార్షన్లకు కేంద్ర నిధులు ఇవ్వకూడదన్న హైడ్ సవరణను (1976లో తెచ్చిన హెన్రీ హైడ్ కూడా కతోలికుడే) దశాబ్దాల పాటు బలపరిచి, 2019 జూన్‌లో, అభ్యర్థిత్వం కోసం పోటీలో ఉండగా వదిలేశారు. నాకు అభ్యంతరం ఉన్నది అక్కడే. సహించడం వేరు, ప్రచారం చెయ్యడం వేరు. "తప్పే, కానీ నిషేధిస్తే ఇంకా చెడు జరుగుతుందని భయపడుతున్నాను" అనే కతోలిక నాయకుడితో నేను కూర్చుని మాట్లాడగలను. తప్పని చెప్పిన దానికే నిధులు కావాలని, దాన్నే ఎన్నికల నినాదంగా చేస్తే, ఆ మొదటి మాటకు బరువేముంటుంది?

పదవికి, అంతరాత్మకు పొసగనప్పుడు ఏం చెయ్యాలో 1960లో హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్ల ముందు కెనెడీ చెప్పారు: అలాంటి రోజు వస్తే రాజీనామా చేస్తాను. ఆయనకు ఆ రోజు రాలేదు. బెల్జియం రాజు బోదువెన్‌కి వచ్చింది. 1990లో పార్లమెంటు అబార్షన్ చట్టాన్ని ఆమోదించి సంతకానికి పంపింది. ఆయనకు, రాణి ఫాబియోలాకు పిల్లలు లేరు, ఆమెకు ఎన్నో గర్భాలు పోయాయి. బెల్జియంలో అంతరాత్మకు విరుద్ధంగా నడవక తప్పని ఏకైక పౌరుణ్ణి నేనే కావడం సబబేనా అని ప్రధాని మార్టెన్స్‌కు లేఖ రాశారు. ప్రజాస్వామ్యాన్ని అడ్డుకునే ఉద్దేశం తనకు లేదని, మీరే ఒక దారి చూడమని కోరారు. ఏప్రిల్ 4న మంత్రివర్గం రాజు పాలించే స్థితిలో లేరని ప్రకటించి, తామే సంతకాలు పెట్టి చట్టం తెచ్చింది. మర్నాడు పార్లమెంటు ఆయనను తిరిగి రాజును చేసింది. ఇటలీలో 1978లో అదే పరీక్ష ప్రధాని ఆంద్రేయోట్టికి ఎదురైంది. రోజూ పూజకు వెళ్ళే మనిషి. మాజీ ప్రధాని ఆల్డో మోరోను తీవ్రవాదులు చంపిన నెలలోనే చట్టం సంతకానికి వచ్చింది. ఆయన పెట్టారు. దేశం అంత అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ప్రభుత్వాన్ని కూల్చుకోవడం తేలిక కాదని నేను అర్థం చేసుకోగలను.

ఐర్లండ్ గురించి రాయకుండా ముగించలేను, ఎందుకంటే అక్కడ చనిపోయింది మన దేశపు అమ్మాయి. బెళగావికి చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్, 31 ఏళ్ళు, 17 వారాల గర్భం. గర్భం నిలవదని తేలిపోయింది, గర్భాన్ని తీసెయ్యమని ఆమె అడిగింది. పిండం గుండె కొట్టుకుంటోందని వైద్యులు ఆగారు. ఇది కతోలిక దేశం అన్న మాట ఒకటి ఆ వార్డులో ఆమెకు వినపడింది. 2012 అక్టోబర్ 28న సెప్సిస్‌తో గాల్వేలో చనిపోయింది. తల్లి ప్రాణం కాపాడే చికిత్స ఇస్తే, దానివల్ల బిడ్డ దక్కకపోయినా, శ్రీసభ దాన్ని తప్పు పట్టదు. ఇన్ఫెక్షన్ పాకుతున్న తల్లిని చూస్తూ కూర్చోమని ఏ కతోలిక బోధా చెప్పదు. కానీ చట్టం మాటలు, భయం, అలసత్వం కలిసినప్పుడు ఏం జరుగుతుందో ఆ మరణం చూపించింది. నా పక్షంవాళ్ళు దీన్ని దాటవేసి మాట్లాడితే నేను ఊరుకోను.

మరుసటి ఏడాది తల్లి ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు అబార్షన్‌ను అనుమతిస్తూ ప్రధాని ఎండా కెన్నీ చట్టం తెచ్చారు. తనను హంతకుడంటూ ఉత్తరాలొస్తున్నాయని సభలో చెప్పి, నేను కతోలికుడినైన ప్రధానిని, కతోలిక ప్రధానిని కాను అన్నారు. ఆయన అతిథిగా వచ్చారని బోస్టన్ కాలేజీ స్నాతకోత్సవానికి కార్డినల్ ఓమాలీ వెళ్ళలేదు. మరోవైపు కెన్నీ పార్టీ, ఆ చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన తన మంత్రి లూసిండా క్రైటన్‌ను పార్లమెంటరీ పార్టీ నుంచి పంపేసింది. అంతరాత్మ గురించి అంత మాట్లాడిన చోట ఆమె అంతరాత్మకు చోటు లేకపోయింది. 2018 మేలో 66.4 శాతం ఓట్లతో ఐర్లండ్ రాజ్యాంగంలోని నిషేధమే పోయింది.

మరి ఇండియాలో ఈ గొడవ మనమెందుకు వినలేదు? 1971లోనే అబార్షన్‌ను షరతులతో అనుమతించే ఎంటీపీ చట్టం వచ్చింది, 2021లో కొన్ని వర్గాల మహిళలకు గడువును 24 వారాలకు పెంచారు. శ్రీసభ అభ్యంతరం చెప్తూనే ఉంది. కానీ జనాభాలో కతోలికులు రెండు శాతం కూడా లేరు. ఆ చట్టం వచ్చింది కూడా తల్లుల ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ చర్చల్లోంచి. కోర్టులో హక్కుల పోరాటంగా రాలేదు. అందుకే మన ఊళ్ళలో అభ్యర్థిని ఎవరూ ఈ ప్రశ్న అడగరు. ఊళ్ళో ఉన్న మీ ఇంటి పెద్దవాళ్ళకు ఇదంతా వింతగా అనిపిస్తే అది సహజం.

నా అభిప్రాయం సూటిగా చెప్పమంటే: బోధ విషయంలో నాకు తేడా లేదు. నిరాకరించడం మాత్రం వరసలో చివర రావాలి, సొంత బిషప్పు నుంచి రావాలి, ఫోటోగ్రాఫర్లు లేని గదిలో మొదలవ్వాలి. 1989లో శాన్‌డియేగోలో బిషప్పు లూసీ కిలియా అనే అభ్యర్థికి సత్ప్రసాదం ఆపారు. దేశమంతా వార్త అయింది, ఆమె గెలిచింది. ఇంకో మాట. ఒక పార్టీవాళ్ళ పాపాలే మనకు కనిపిస్తే జనం మనల్ని నమ్మరు. 2018లో ఉరిశిక్ష ఒప్పుకోదగినది కాదని సత్యోపదేశ గ్రంథంలోనే, అంటే శ్రీసభ బోధల అధికారిక పుస్తకంలోనే, మార్చారు. దాన్ని ఉత్సాహంగా అమలుచేసే కతోలిక గవర్నర్లున్నారు. ఉరిశిక్ష, అబార్షన్ ఒకే బరువు కాదని రాట్జింగర్ లేఖే చెప్తుంది, అది నిజం. కానీ ఒకే బరువు కాకపోవడం అంటే బరువే లేకపోవడం కాదు. 2025 సెప్టెంబర్‌లో, అబార్షన్ హక్కును సమర్థించే సెనేటర్ డర్బిన్‌కు షికాగో కార్డినల్ ఇవ్వాలనుకున్న సన్మానం మీద గొడవైనప్పుడు, అబార్షన్‌ను వ్యతిరేకిస్తూ ఉరిశిక్షను సమర్థించేవారు నిజంగా ప్రాణం పక్షాన ఉన్నట్టు కాదని లియో పోపు గారు అన్నారు. డర్బిన్ ఆ సన్మానాన్ని తనే వద్దన్నారు.

చివరగా మీ ఓటు. అబార్షన్‌ను సమర్థిస్తున్నారన్న కారణంతోనే, అది కావాలనే ఒక అభ్యర్థికి ఓటేస్తే, అది పాపంలో భాగం పంచుకోవడమే. ఆ విషయంలో ఆ అభ్యర్థితో ఏకీభవించకుండా, దానికి తూగే వేరే తీవ్రమైన కారణాలతో ఓటేస్తే అది దూరపు సహకారం మాత్రమే, తగిన కారణం ఉంటే అనుమతించవచ్చు. ఇది నా సొంత తీర్పు కాదు, అదే 2004 లేఖ చివర రాట్జింగర్ రాసినది. అమెరికా బిషప్పులు ఓటర్ల కోసం ఇచ్చే మార్గదర్శక పత్రం 34, 35 పేరాల్లోనూ ఇదే ఉంది. ఇద్దరు అభ్యర్థులూ ఒప్పుకోలేనివాళ్ళయితే ఎవరికీ ఓటెయ్యకపోవడం కూడా ఒక దారేనని 36వ పేరా చెప్తుంది. 2024లో, వలసదారులను తరిమేవారు, పసిపిల్లలను చంపడాన్ని సమర్థించేవారు ఇద్దరూ ప్రాణానికి వ్యతిరేకులేనని, తక్కువ చెడును మీ అంతరాత్మతో మీరే తేల్చుకోండని పోప్ ఫ్రాన్సిస్ అన్నారు.

కాబట్టి అమ్మా, ఆ "తగిన కారణం" ఏమిటో మీరు నిజాయితీగా ఒక కాగితం మీద రాసుకోగలగాలి. పార్టీ మీద అభిమానం, మనవాళ్ళంతా అటే వేస్తున్నారనడం, వీసా రూల్స్ మారతాయేమోనన్న ఆశ దానికి సరిపోవు. యుద్ధం, వలస కుటుంబాలను విడదీయడం, పేద తల్లికి ఆసుపత్రి అందకపోవడం లాంటివి తూకంలో పెట్టదగ్గవి. మీ పారిష్ ఫాదర్‌ను ఎవరికి వెయ్యమంటారని అడగకండి, ఆయన చెప్పకూడదు, చెప్పరు కూడా. మీరు రాసుకున్న కారణాలు చూపించి, ఇది సరిగ్గా ఆలోచించానా అని అడగండి. దానికి ఆయన దగ్గర టైం ఉంటుంది.